షువైఖ్ మంచుకొండ

రాయచోటిలో నన్ను ‘మంచుకొండ’ అని పిలిచేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు మిగిలారు. ఆ పేరు పెట్టినవాడు పోయి పదేళ్ళయింది, పేరు మాత్రం పోలేదు. కువైట్‌లో వంటపని చేసినవాడికి ఓడెక్కి మంచుకొండలు చూడ్డానికి టికెట్టు కొన్నారంటే ఎవరూ నమ్మరు. మొన్న టీ అంగడి దగ్గర ఒక చదువుకున్న పిల్లోడు, “గల్ఫుకు పోయినోళ్ళు వంటిల్లు తప్ప ఏం చూసింటారులే తాతా” అన్నాడు. ఆ మాట మీద వచ్చిన కోపంతోనే ఇది రాస్తున్నాను. నేను బళ్ళో చదివింది మూడో తరగతి దాకా. మిగతా చదువంతా బెల్లం పొట్లాల కాగితాల మీద, బియ్యం బస్తాల మీద నాకు నేనే చెప్పుకున్నాను. అరబ్బీ అంకెలు పాలడబ్బాల మీది తేదీలు చూసి నేర్చుకున్నాను. కాబట్టి ఇందులో తప్పులుంటే దిద్దుకోండి. అబద్ధం ఉందని మాత్రం అనొద్దు.

నేను పనిచేసిన ఇల్లు మిష్రిఫ్ అనే పేటలో ఉండేది. ఆ ఇంట్లో ముసలి భార్యాభర్తలు ఇద్దరే. పిల్లలు వేరే ఇళ్ళలో ఉండేవాళ్ళు, ఎండాకాలం వస్తే చల్లటి దేశాలకు పోయేవాళ్ళు. ఆయన్ని బాబా అనీ ఆమెను మామా అనీ పిలిచేవాణ్ణి. వంట నాది, కారు తోలేది నేను, బాబా పడవ ఎక్కితే పడవలో చాకిరీ కూడా నాదే.

బాబాకు సముద్రమంటే పిచ్చి. మోటారు బిగించిన పాత కొయ్య పడవ ఒకటి ఉండేది. దాంట్లో గంటన్నర పోతే ఒక చిన్న ఇసుక దీవి. ఎండాకాలంలో అక్కడికి వేలకు వేలు పక్షులొచ్చి గుడ్లు పెడతాయి. వారానికొకసారి వాటిని చూసి రాకపోతే ఆయనకు అన్నం దిగేది కాదు. మామా మాత్రం పడవలో కాలు పెట్టేది కాదు. ఆమెకు ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాయన ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళ పడవ మీద పోయి మళ్ళీ రాలేదట. అప్పట్నుంచి అరవై ఏళ్ళు వచ్చేదాకా సముద్రాన్ని కారు కిటికీలోంచే చూసింది.

అంత భయమున్న మనిషికి ఒకే ఒక కోరిక ఉండేది. బాబా చిన్న వయసులో ఏదో చలి దేశానికి పోయి, ఓడలోంచి మంచుకొండలు చూసొచ్చాడు. మేడంత పెళ్ళ విరిగి నీళ్ళలో పడితే ఫిరంగి పేలినట్టు ఉంటుందని భోజనాల దగ్గర చెప్పేవాడు. నేను ఆ ఇంట్లో చేరిన పన్నెండేళ్ళలో ఆ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మామా ప్రతిసారీ వినని దానిలా “తర్వాత?” అని అడిగేది. ఆ ఏడు రంజాన్ అయిపోయిన వారానికి, చేపల పులుసు వడ్డిస్తుంటే, ఉన్నట్టుండి అనేసింది.

“నేనూ చూస్తాను.”

బాబా చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

“ఓడలోనా? నువ్వా?”

“నేనే. కానీ వీడు కూడా రావాల. ఆ దేశం తిండి నేను తినను” అని గరిటె పట్టుకున్న నన్ను చూపించింది.

అలా మూడు టికెట్లు వచ్చాయి. ఆగస్టు నెలాఖరుకు ప్రయాణం. ఓడ బొమ్మలున్న పుస్తకం ఒకటి ఇచ్చారు. దానిలోని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను. సీల్ అనే నీటి కుక్కలు, తిమింగలాలు, గద్దంత పక్షులు. మా పాస్‌పోర్టులు మూడూ వీసా ముద్రల కోసం ఊళ్ళోని ట్రావెల్ ఆఫీసుకు పోయాయి. నా పాస్‌పోర్టు అప్పటిదాకా బాబా బీరువాలో ఉండేది. కఫీల్, అంటే మనల్ని పనికి పిలిపించిన యజమాని, మన పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోవడం అక్కడి అలవాటు. ఇంట్లోంచి అది బయటికి పోవడం అదే మొదటిసారి.

మామా నాకొక కోటు కూడా కొనిచ్చింది. మోకాళ్ళ దాకా ఉంటుంది, లోపల దూది, వంకాయ రంగు. మిట్టమధ్యాహ్నం వంటింట్లో తొడుక్కుని చూసుకుంటుంటే పక్కింటి డ్రైవరు వచ్చాడు. వాడు మా రాయచోటి సాయిబే, నాకు తమ్ముడి లెక్క.

“ఏందన్నా ఇది? పరుపు కట్టుకోనుండావు?”

“మంచుకొండలు చూసేదానికి పోతాండాం బ్బా.”

“ఎవురెవురు?”

“బాబా, మామా, నేను.”

వాడు గోడ పట్టుకుని నవ్వాడు. “నువ్వు పోయి మంచుకొండకు తిరగబాత పెట్టొస్తావా?”

“నీకు కుళ్ళు.”

“కుళ్ళే అన్నా, కాదన్లా. వచ్చేటప్పుడు నాకొక ముక్క తీసకరా, షర్బత్‌లో ఏసుకుంటా.” పోతూ పోతూ గేటు దగ్గర్నుంచి అరిచాడు, “యా మంచుకొండా!” అని. ఆ పేరు అలా అంటుకుంది.

అయితే బాబా ఒక మెలిక పెట్టాడు. “ముందు మన దీవికి రా. మూడు గంటలు పడవలో కూర్చోలేనిదానివి, వారం రోజులు ఓడలో ఏం కూర్చుంటావు? కూర్చోగలిగితే పోదాం. లేకపోతే టికెట్లు వాపసు.” మామా సరేనంది గానీ రేపు మాపంటూ రెండు నెలలు గడిపింది. ఆఖరికి ఆగస్టు ఒకటో తారీఖున బయల్దేరాం. ఆమె ఎంత భయపడిందో నేనూ అంత భయపడ్డాను. ఆమె కూర్చోలేకపోతే నా మంచుకొండ కూడా పోతుంది మరి. ఆ మాట బయటికి అనలేను కదా.

పొద్దున్నే షువైఖ్ పేటకు పోయి ఐసు ఫ్యాక్టరీలో నిండు దిమ్మ ఒకటి తెచ్చాను. గోనెపట్టాల్లో చుట్టి, భుజం మొద్దుబారేదాకా మోసుకొచ్చి పడవలో పెట్టాను. పట్టే చేపలకీ, లబన్ అనే మజ్జిగ సీసాలకీ, తాగే నీళ్ళకీ రోజంతా ఆ దిమ్మే ఆధారం. మామా రేవు గట్టు మీద ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాలో అరగంట నిలబడింది. బాబా “యల్లా, యల్లా” అని తొందరపెడుతూనే ఉన్నాడు. చివరికి నా భుజం గట్టిగా పట్టుకుని దిగింది. దిగీ దిగగానే కళ్ళు మూసుకుంది.

సగం దూరం పోయాక రెండు డాల్ఫిన్లు పడవ పక్కనే ఎగురుతూ వచ్చాయి. “షూఫ్! షూఫ్!” అని బాబా చిన్నపిల్లాడిలా కేకలు వేశాడు.

“చూశానులే” అంది మామా, కళ్ళు మూసుకునే.

బాబా ముఖం వాడిపోయింది. నావైపు తిరిగి మెల్లగా, “వాపసే” అన్నాడు.

దీవి దగ్గర పడవ ఆగగానే నేను నీళ్ళలో దూకి తాడు కట్టాను. ఆ పక్షులు పావురం కంటే సన్నంగా ఉంటాయి. నల్లటి నెత్తి, తెల్లటి బుగ్గలు, కత్తెరలా చీలిన తోక. చాలా గుడ్లు అప్పటికే పిల్లలైపోయాయి. ఆలస్యంగా పెట్టినవి మాత్రం అక్కడక్కడా ఇసుకలోనే ఉన్నాయి. గూడూ లేదు, గడ్డీ లేదు, చేత్తో గీరినట్టు చిన్న గుంట, అంతే. అన్నిసార్లు వచ్చినా బాబా నన్ను పడవ దగ్గరే ఉండమనేవాడు గనుక అంత దగ్గరగా చూడ్డం నాకదే మొదలు; ఆ రోజు ఆయన ధ్యాసంతా మామా మీదే, నన్ను ఆపలేదు. నేను వంటవాణ్ణి. గుడ్డు కనబడితే నాకు ఉల్లిపాయ గుర్తొస్తుంది, పచ్చిమిరపకాయ గుర్తొస్తుంది. రెండు చోట్ల వంగి రెండు తీసుకున్నాను.

నెత్తి మీద ఏదో సూదిలా దిగింది. తలెత్తేలోపల ఇంకొకటి. తర్వాత పదో ఇరవయ్యో ఒక్కసారిగా మీద పడ్డాయి. రెండు చేతుల్లో రెండు గుడ్లు, తల కాచుకోవడానికి చెయ్యి లేదు. “అమ్మో, యప్పో” అంటూ ఇసుకలో పరుగు. వెనక బాబా గర్జన.

“పెట్టెయ్! ఎక్కడివక్కడ పెట్టెయ్!”

“యాడివో నాకేం తెలుసు బాబా! అన్ని గుంటలూ ఒకటే మాదిరుండాయి!” అని తెలుగులోనే అరిచాను.

అప్పుడు వినిపించింది మామా నవ్వు. పడవలో నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మోకాటిలోతు నీళ్ళలోకి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, అబాయా తడుపుకుంటూ ఒడ్డుకు వచ్చింది. “ఒకటి ఆ పొద పక్కన. ఒకటి ఆ పగిలిన శంఖం దగ్గర. నువ్వు వంగడం చూశాను, దొంగా” అంది. రెండూ చూపించిన చోట పెట్టాను. ఇద్దర్నీ దూరం జరగమని, ఆ ఎండలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి ఒక పక్షి దిగింది. గుడ్డును ముక్కుతో సర్దుకుని పొదిగింది.

“కూర్చుంది” అంది మామా. బాబా ఆమె ముఖం చూశాడు, పక్షిని చూడలేదు.

తిరుగుదారిలో కళ్ళు మూయలేదు. ప్రశ్నలే ప్రశ్నలు. మంచుకొండ ఎంత పెద్దది? నీళ్ళ పైన ఎంతుంటుంది? కింద ఎంత? బాబా చేతులతో చూపించి చూపించి విసుగొచ్చి, మోటారు ఆపేశాడు.

“దిమ్మ తీసుకురా.”

నాకు అర్థమై దిమ్మకు అడ్డం నిలబడ్డాను. “బాబా, దీవి దగ్గర పట్టిన చేపలుండాయి. లబన్ ఉంది. రేవు ఇంకా గంట దూరముంది.”

“తీసుకురా అన్నాను.”

అప్పటికి దిమ్మలో మూడొంతులు మిగిలింది. బాబా గోనెలు విప్పి, పడవ అంచు మీదుగా సముద్రంలోకి తోశాడు. పొద్దుటి నుంచి నా భుజం ఇంకా నొప్పి పెడుతూనే ఉంది.  దిమ్మ మునిగి, తేలి, పక్కకు ఒరిగి నిలబడింది.

“పైన ఇంతే. మిగతాదంతా కింద” అన్నాడు బాబా.

మామా పడవ అంచు మీద మోచేతులాన్చి, సగం ఒళ్ళు బయటికి వంచి చూసింది. ఆరేళ్ళప్పట్నుంచి ఆ పొద్దుటిదాకా సముద్రాన్ని తాకని మనిషి! నేను వెనక నుంచి ఆమె అబాయా కొస పట్టుకున్నాను. వెచ్చటి ఉప్పునీళ్ళలో దిమ్మ చిట్, చిట్ మని పగులుతోంది.

“చప్పుడు చేస్తోంది!”

“ఇది పిల్ల” అన్నాడు బాబా. “తల్లి అయితే ఫిరంగే.”

“చేపలు చెడిపోతాయి మామా” అన్నాను నేను, ఏడుపు గొంతుతో.

“చెడిపోనీ.”

పొద్దు వాలుతోందని బాబా మోటారు పెట్టాడు. ఆమె వెనక్కి తిరిగే కూర్చుంది. “ఇంకా ఉంది... ఇంకా ఉంది” అని చెబుతూనే ఉంది. కనబడకుండా పోయాక ఇటు తిరిగి, “ఖలాస్. వస్తాను” అంది. చేపలు నిజంగానే చెడిపోయాయి. ఆ రోజు నన్నెవరూ ఏమీ అనలేదు.

మర్నాడు తెల్లారకముందే దూరంగా దబ్‌దబ్‌మని చప్పుళ్ళు. లేచి బయటికొచ్చేసరికి మామా వాకిట్లో చెవి పెట్టి నిలబడి ఉంది. “ఆయన చెప్పిన చప్పుడు ఇలాంటిదేనా?” అని అడిగింది. వేళాకోళం అనుకుని నవ్వాను. బాబా రేడియో చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. ఆ ముఖం చూశాక నాకు నవ్వు మళ్ళీ చాలా నెలల దాకా రాలేదు. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది.

ఆ రోజుల గురించి పెద్దపెద్దవాళ్ళు పెద్దపెద్ద పుస్తకాలు రాసి ఉంటారు. నాకు దొరికినవి కొన్ని చదివాను కూడా. చమురు గురించి ఉంటుంది, రాజుల గురించి ఉంటుంది. రొట్టె కోసం పొద్దున నిలబడి మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చిన వంటవాడి గురించి ఒక్క వాక్యం కనబడలేదు. ఒక దేశం ఇంకో దేశాన్ని మింగడానికి వస్తే, మధ్యలో నలిగిన మేము మనుషులం కామా? పోనీండి. సముద్రం ఒడ్డంతా కందకాలు తవ్వారు, ముళ్ళకంచె వేశారు, మందుపాతరలు పెట్టారు. బాబా పడవను ఎవరో సైనికులు తీసుకుపోయారు. దీవి పక్కన పెడితే, సముద్రం ముఖం చూడ్డానికే లేకుండా పోయింది. ట్రావెల్ ఆఫీసు తలుపులు పగలగొట్టి ఉన్నాయనీ, కాగితాలు వీధిలో ఎగురుతున్నాయనీ పక్కింటి సాయిబు చూసొచ్చి చెప్పాడు. నా పాస్‌పోర్టు అలా పోయింది.

సెప్టెంబరులో జోర్డాన్ దేశంలోని అమ్మాన్‌కు బస్సులు పోతున్నాయని తెలిసింది. ఇరాక్ మీదుగా పోయి అక్కడి నుంచి విమానంలో బొంబాయి. సాయిబు వచ్చి, “రేప్పొద్దున బస్సుంది అన్నా. నీకూ ఒక సీటు చెప్పినా” అన్నాడు.

“నేను రాను బ్బా. ముసలోళ్ళని ఇడిసిపెట్టి యాడికొచ్చేది? కాయితం గూడా లేదు.”

ఆ మాటలు తెలుగులో జరిగినా మామాకు ఎలా అర్థమయ్యాయో. వంటింట్లోకి వచ్చి ఆ వంకాయ రంగు కోటు మేకు మీంచి తీసి నా చేతిలో పెట్టింది. “పో. ఇక్కడ ఉంటే ఇంకో నోరు. పరిస్థితి బాగయ్యాక వస్తావు. నేను మంచుకొండ చూడకుండా చావను, నువ్వు లేకుండా చూడను. వల్లా!” ఒట్టు వేసిన మనిషితో ఏం వాదిస్తాం?

పాస్‌పోర్టు బదులు బాబా ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టాడు. చదివి వినిపించాడు. ‘ఇతను నా వంటవాడు, నిజాయితీపరుడు. నా భార్యతో కలిసి ఓడలో మంచుకొండలు చూడటానికి వెళ్ళవలసి ఉండగా, వీసా కోసం ఇచ్చిన ఇతని పాస్‌పోర్టు పోయింది.’

“బాబా, మంచుకొండల సంగతి రాయొద్దు. నవ్వుతారు.”

“నిజం రాస్తే నవ్వేదేముంది?” అన్నాడు. మార్చలేదు. ఆయన అలాంటి మనిషి.

నవ్వారు. దారి పొడుగునా నవ్వారు. ఒక తనిఖీ దగ్గర సైనికుడు ఆ ఉత్తరం గట్టిగా చదివి తోటివాళ్ళను కేకేశాడు. ఆ ఎండలో చంకలో దూది కోటు పట్టుకుని నేను నిలబడ్డాను. బంగారం దాచానని అనుమానపడి కత్తితో కోటు లోపలి గుడ్డ చీల్చారు. దూది ఎగిరి ఎడారి గాలికి పోయింది. మామా కొనిచ్చిన కోటు! నాకు నెత్తురు ఉడికింది. “దూదే ఉంది, దూదే! మీ అమ్మ కొనిచ్చుంటే ఇట్లే కోస్తావా?” అని అరబ్బీలో అరిచాను. సాయిబు నా నోరు మూయబోయాడు. కానీ వాళ్ళలో నెరిసిన మీసాలవాడొకడు ఉత్తరం తీసుకుని మళ్ళీ చదివాడు. మడిచి నా జేబులో పెట్టాడు.

“ఎంత ఎత్తుంటుంది ఆ మంచు?” అని అడిగాడు, నవ్వకుండా.

“మేడంత. నీళ్ళ కింద ఇంకా ఉంటుంది.”

“చూశావా?”

“పిల్లను చూశా” అన్నాను.

పొమ్మని చెయ్యూపాడు. బస్సు కదిలాక సాయిబు ఆ కథంతా బస్సుకు వినిపించాడు. అలా ఆ పేరు నాతోపాటు రాయచోటి దాకా వచ్చింది. వాడు ఎన్నిసార్లు చెప్పినా చివర మాత్రం, “నవ్వండి గానీ, నిజం రా. నేను కోటు చూసినా” అనేవాడు. నా మాటకు సాక్షి వాడొక్కడే.

మరుసటి ఏడు, ఇరాక్ వాళ్ళు పోయి నూనెబావుల పొగ తగ్గాక, మామా వీసా పంపింది. వాకిట్లో నన్ను చూసి మొదట అడిగింది కోటు గురించే. కుట్లు వేసి తెచ్చానని చూపించాను. బాబా లేడు. ఆ చలికాలంలోనే, ఊరు విడుదల కాకముందే, గుండె జబ్బుతో పోయాడట. ఆ సంగతి ఆమె వంటింటి తలుపు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పి, టీ పెట్టమంది. ఆయన కప్పు ఉండే చోట ఇంకొకటి పెట్టలేదు నేను.

తర్వాత పిల్లలు, “అమ్మా, నిన్ను ఆ ఓడకు తీసుకుపోతాం” అన్నారు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆమె మోకాళ్ళు చూపించేది. మందుపాతరలు తీసి, పడవలు పోనిచ్చిన మొదటి ఎండాకాలం, ఒక పొద్దున నన్ను పిలిచింది.

“షువైఖ్ పోయి దిమ్మ తీసుకురా. నిండుది.”

బాడుగ పడవ మాట్లాడాను. నడిపేవాడు గోదావరి వైపు మనిషి. దీవి మీద పక్షులు మళ్ళీ వచ్చాయి, మునుపటి కంటే తక్కువ. మామా ఒడ్డున నిలబడి గుడ్లన్నీ చూసింది. నా చేతులు వెనక్కి కట్టుకోమంది. తిరుగుదారిలో మోటారు ఆపించింది. ఈసారి దిమ్మను తనే తోస్తానంది. ఇద్దరం పట్టాం. అది మునిగి, తేలి, చిట్, చిట్ మంది. ఆమె అంచు మీద మోచేతులాన్చింది. నేను అబాయా కొస పట్టుకున్నాను.

అరగంట గడిచింది. పడవవాడికి ఓపిక పోయింది.

“ఏవండీ, ఈ ముక్క కరిగేదాకా ఇక్కడే ఉంటారేంటండీ?”

“ఉంటాం.”

“బాగుందండి. ఐసు కరగడానిక్కూడా డ్యూటీయేనాండీ?”

“డ్యూటీయే. నీకేం నొప్పి? మోటారు మీద చెయ్యి ఏసినావంటే బాగుండదు, చెప్తాండా.”

వాడు గొణుక్కుంటూ టోపీ ముఖం మీదికి లాక్కుని పడుకున్నాడు. దిమ్మ దిండంత అయింది, కొబ్బరికాయంత అయింది, నిమ్మకాయంత అయింది. పోయినసారి దాన్ని సగంలో వదిలి వచ్చాం. ఈసారి ఆమె తల తిప్పలేదు. ఆఖరికి నీళ్ళ మీద ఏమీ లేదు. అయినా ఇంకాసేపు చూసి, తడిసిన మోచేతులు తుడుచుకుని, “ఖలాస్” అంది.

అప్పుడు మోటారు పెట్టనిచ్చాను.